బీరువాలో మూడు వారాలుగా ఉన్న ఆ కిట్

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. పదకొండేళ్లుగా హెచ్ఐవీ మందులు వాడుతున్నాను. ఒక్క పూట కూడా మానలేదు. వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉండే వైరస్, కనపడటం లేదనే రిపోర్టు వస్తోంది. ఆరేళ్ల కిందట ఒకచోట పాప్ స్మియర్ చేయించుకోవడానికి వెళ్తే, నా ఫైలు చూసిన నర్సు గ్లౌజుల మీద గ్లౌజులు వేసుకుని, పక్క గదిలో ఉన్నావిడకి వినపడేలా నా జబ్బు పేరు చెప్పింది. పరీక్ష కూడా బాగా నొప్పి పుట్టింది. ఆ రిపోర్టు తెచ్చుకోవడానికి కూడా మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు మందులిచ్చే సెంటర్లో సిస్టర్ ఒక కిట్ చేతికిచ్చి, "గర్భసంచి క్యాన్సర్ టెస్టు. శాంపిల్ మీరే తీసుకుని తెచ్చివ్వండి" అన్నారు. మూడు వారాలైంది, బీరువాలో బట్టల కింద అలాగే ఉంది. కంటికి కనపడని చోటు నుంచి నేనెలా తీయగలను? తీసినా సరిగ్గా వస్తుందా? హెచ్ఐవీ ఉన్నవాళ్లకి ఈ టెస్టు చాలదని తెలిసినావిడ ఒకరు అన్నారు. ఇంకో మాట. మా ఆయన పోయి ఐదేళ్లయింది. ఆయన తప్ప నాకు వేరే మనిషి తెలీదు. అలాంటప్పుడు అసలు ఈ టెస్టు నాకు అవసరమా? పాజిటివ్ అని వస్తే ఏం చేయాలి? ఉన్నది ఒకటి చాలదా అనిపిస్తోంది. పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, సరిగ్గానే వస్తుంది. మీరు తీసినా సరిగ్గానే వస్తుంది. టెస్టు మీకు అవసరమే, మామూలు వాళ్లకన్నా ఎక్కువ అవసరం. ఇక మిగతావి ఒక్కొక్కటే మాట్లాడుకుందాం.

ముందు ఆ గ్లౌజుల సంగతి. ఎవరికి ఏ జబ్బు ఉన్నా, లేకపోయినా, ప్రతి పేషెంటు దగ్గరా ఒకే జాగ్రత్త తీసుకోవాలని మాకు చదువుకునేటప్పుడే నేర్పుతారు. ఫైలు చూశాక రెండో జత వేసుకుందంటే ఆవిడకి ఆ పాఠం ఎక్కలేదన్నమాట. మీ జబ్బు పేరు పక్క గదికి వినిపించడం అంతకంటే పెద్ద తప్పు. తప్పు ఆవిడది, నష్టం మాత్రం మీకు జరిగింది. ఆరేళ్లు పరీక్ష లేకుండా గడిచిపోయాయి. కోపం నర్సు మీద ఉంచుకోండి, పరీక్ష మీద మాత్రం పెట్టుకోకండి. ఆ పాత రిపోర్టు ఇప్పటికైనా దొరుకుతుందేమో కనుక్కోమని మీ సిస్టర్‌ని అడగండి. ఆవిడ ఫోన్ చేసి కనుక్కోగలరు, మీరు ఆ గుమ్మం ఎక్కక్కర్లేదు. అందులో ఏదైనా తేడా ఉందని రాసి ఉంటే, ఈ కిట్ ఒక్కదానితో ఆగకుండా డాక్టర్ నేరుగా చూడాల్సి ఉంటుంది. దొరక్కపోతే వదిలేయండి, కొత్తగా మొదలుపెడదాం.

సిస్టర్ గర్భసంచి క్యాన్సర్ అన్నారు, అందరం అలాగే అంటాం. నిజానికి ఇది గర్భసంచి మూతికి వచ్చేది. గర్భసంచి తలకిందులుగా పెట్టిన చిన్న కూజా అనుకోండి. దాని మూతి కిందికి, యోని లోపలికి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. పుస్తకాల్లో దాన్నే గర్భాశయ ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చే క్యాన్సర్లు దాదాపు అన్నీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. ఆ వైరస్‌లో రెండు వందలకి పైగా రకాలున్నాయి. క్యాన్సర్ దాకా తీసుకెళ్లేవి డజను, ఆపైన ఒకటో రెండో. వాటిలోనూ 16, 18 అనే రెండు రకాలే నూటికి 70 కేసులకి మూలం.

2008లో వైద్యానికి ఇచ్చిన నోబెల్ బహుమతిని ముగ్గురు పంచుకున్నారు. సగం జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కి వెళ్లింది, ఈ క్యాన్సర్‌కి హెచ్‌పీవీ కారణమని తేల్చినందుకు. మిగతా సగం ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాన్స్వాజ్ బారె సినూసీ, లుక్ మాంటనియే ఇద్దరికీ వెళ్లింది, హెచ్ఐవీని కనిపెట్టినందుకు. మీ ఉత్తరం చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఆ రెండు వైరస్‌లకీ బహుమతిలోనే కాదు, ఒంట్లో కూడా పొత్తు ఉంది.

ఎలాగంటారా? హెచ్‌పీవీ చాలా మామూలు వైరస్. కాపురం చేసిన ఆడా మగా అందరిలో ఎక్కువమందికి ఏదో ఒక వయసులో తగులుతుంది. ఏడాదికో రెండేళ్లకో చాలామందిలో ఒళ్లే దాన్ని తరిమేస్తుంది, వచ్చినట్టూ తెలీదు, పోయినట్టూ తెలీదు. పోకుండా ఏళ్ల తరబడి మూతి దగ్గరే తిష్ఠ వేసిన చోట కణాలు మెల్లగా మారతాయి. మామూలుగా ఆ మార్పు క్యాన్సర్ దాకా రావడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీకి మందులు వాడక ఒంట్లో కాపలా బలహీనపడ్డవాళ్లలో 5 నుంచి 10 ఏళ్లలోనే అక్కడికి చేరవచ్చు. తరిమేసే సైన్యమే తగ్గిపోయినప్పుడు వైరస్ కదలదు కదా. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకి ఈ క్యాన్సర్ వచ్చే ప్రమాదం లేనివాళ్లకంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. అమెరికాలో 1993 నుంచే ఈ క్యాన్సర్‌ని ఎయిడ్స్‌ని నిర్ధారించే జబ్బుల జాబితాలో చేర్చారంటే ఈ రెండింటికీ ఉన్న సంబంధం ఎంత దగ్గరిదో చూడండి.

ఇక్కడ మీకు మీరే శభాష్ అనుకోవాల్సిన విషయం ఒకటుంది. పదకొండేళ్లుగా మందు మానలేదు, వైరల్ లోడ్ అణిగి ఉంది. అలాంటివాళ్లలో ప్రమాదం బాగా తగ్గుతుంది. కానీ అసలు హెచ్ఐవీ లేనివాళ్లతో సమానంగా మాత్రం దిగదు. పైగా వైరల్ లోడ్ కనపడకపోవడం అనేది హెచ్ఐవీ గురించి చెప్పే మాట. హెచ్‌పీవీ ఉందో లేదో దాన్నిబట్టి చెప్పలేం. "నా రిపోర్టు బాగుంది కదా, ఇంకేం టెస్టు" అనే మాట మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది అంటారు. రెండూ వేరు వేరు లెక్కలమ్మా.

మీ ఆయన పోయి ఐదేళ్లయిందన్నారు. ఆయన తప్ప ఇంకెవరూ లేరన్నారు. నాకు ఆ సంజాయిషీ అక్కర్లేదు, ఏ డాక్టర్‌కీ అక్కర్లేదు. హెచ్‌పీవీ ఒకసారి వచ్చాక ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పడి ఉండగలదు. టెస్టులో కూడా కనపడనంత తక్కువగా ఉండి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు మళ్లీ లేస్తుంది. అందుకే రేపు రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే అది ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అని చెప్పే టెస్టు ప్రపంచంలో ఎక్కడా లేదు. అది మీ నడవడి మీద సర్టిఫికెట్ కాదు, పోయినాయన మీద ఫిర్యాదూ కాదు. జీవితంలో ఒక్కసారి సంబంధం ఉన్నా, ఎన్నేళ్లుగా లేకపోయినా, ఈ టెస్టు చేయించుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు ప్రశ్న. డాక్టర్ లైటు వేసి, పరికరం పెట్టి, మూతిని కళ్లారా చూసి తీసే శాంపిల్‌కీ, మీరు గుడ్డిగా మెత్తటి కొసున్న పుల్ల (స్వాబ్) పెట్టి తీసే శాంపిల్‌కీ తేడా ఉండదా? పాప్ స్మియర్ అయితే ఉంటుంది. పాప్ అంటే దాన్ని కనిపెట్టిన పాపనికొలావ్ గారి పేరులో ముక్క. ఆ పరీక్షలో మూతి దగ్గరి కణాలనే గీరి తీసి, మైక్రోస్కోపు కింద వాటి రూపం చూస్తారు. అందుకే సరైన చోటు నుంచి తీయకపోతే లాభం లేదు. మీ చేతిలో ఉన్న కిట్ వేరే పని చేస్తుంది. అది కణం రూపం చూడదు, వైరస్ డీఎన్ఏ ఉందా లేదా అని వెతుకుతుంది. మూతి దగ్గర వైరస్ ఉంటే, దాన్ని మోసే కణాలు రాలి యోనిలోకి దిగుతూనే ఉంటాయి. స్వాబ్ మూతిని తాకక్కర్లేదు, దారిలో దొరికినవి చాలు. ఆ దొరికిన కొంచెం డీఎన్ఏనే పీసీఆర్ అనే పద్ధతిలో లక్షల కాపీలు చేసి పట్టుకుంటారు. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీపీసీఆర్ కూడా ఈ కుటుంబంలోదే.

పీసీఆర్ పద్ధతిలో చేసినప్పుడు సొంతంగా తీసుకున్న శాంపిల్, డాక్టర్ తీసిన శాంపిల్ దాదాపు ఒకేలా పనిచేస్తాయని చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ల మీదే చేసినవాటిలోనూ రెండు శాంపిల్స్ ఫలితాలు చాలావరకు కలిశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో హెచ్‌పీవీ డీఎన్ఏ టెస్టునే మొదటి టెస్టుగా పెట్టమంది. శాంపిల్ ఆరోగ్య సిబ్బంది తీసినా, ఆ మనిషే తీసుకున్నా సరేనంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లని ఇందులోంచి తీసేయలేదు.

"సరిగ్గా తీయకపోతే నెగెటివ్ అని వచ్చేస్తుందేమో" అనే అనుమానం తెలివైన అనుమానమే. చాలా పీసీఆర్ టెస్టుల్లో దానికో చెక్ పెట్టారు. స్వాబ్ మీద మనిషి కణాలు నిజంగా ఉన్నాయో లేదో కూడా మెషిన్ చూస్తుంది. అవి లేకపోతే నెగెటివ్ అనకుండా "ఇన్‌వాలిడ్" అంటుంది. ఆ మాట వస్తే శాంపిల్ చాల్లేదనో, టెస్టు కుదరలేదనో అర్థం. కంగారు పడొద్దు, ఇంకో స్వాబ్‌తో మళ్లీ తీస్తే సరి.

తీసే విధానం. కిట్‌లో కాగితం ఉంటుంది, బొమ్మలతో. కంపెనీని బట్టి ఎన్నిసార్లు తిప్పాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది మారుతుంది కాబట్టి ఆఖరి మాట ఆ కాగితానిదే. నేను చెప్పేది అందులో రాయనివి.

నెలసరి రోజుల్లో వద్దు. పూర్తిగా ఆగాక తీయండి. ముందు రెండు రోజులు లోపల పెట్టే మాత్రలు, క్రీములు ఏవీ వాడొద్దు, లోపల సబ్బుతో కడగొద్దు. అసలు ఎప్పుడూ కడగకూడదు, అది వేరే కథ. ఎవరూ తలుపు కొట్టని టైమ్ చూసుకోండి. చాలామందికి టెన్షన్ టెస్టు గురించి కంటే తలుపు గురించే ఎక్కువ ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. ట్యూబ్ మూత ముందే కొంచెం వదులు చేసి అందుబాటులో నిలబెట్టుకోండి. లేదంటే ఒక చేత్తో స్వాబ్, ఇంకో చేత్తో బిగుసుకుపోయిన మూత, అదో అవస్థ. ట్యూబ్‌లో ద్రవం ఉంటే ఒలకకుండా చూసుకోండి. చర్మం మీద పడితే నీళ్లతో కడిగేస్తే చాలు.

ఒక కాలు బకెట్ మీదో చిన్న స్టూల్ మీదో పెట్టి నిలబడవచ్చు, గొంతుకూర్చోవచ్చు, మంచం మీద మోకాళ్లు మడిచి పడుకోవచ్చు. మీకు ఏది తేలికైతే అది. స్వాబ్ పుల్ల మీద ఒక గీత గానీ గాటు గానీ ఉంటుంది, అక్కడ పట్టుకోండి. మెత్తటి కొసని వేలు తాకనివ్వకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. యోని నిట్టనిలువుగా పైకి ఉండదు, వెనక్కి, నడుము కింది వైపుకి వాలి ఉంటుంది. పైకి తోస్తే అడ్డు తగిలి నొప్పి పుడుతుంది. వీపు వైపుకి గురి పెట్టి మెల్లగా జరిపితే దానంతటదే వెళ్తుంది. ఊపిరి బిగపట్టకండి, వదిలేటప్పుడు జరపండి. గీత దాకా వెళ్లాక కాగితంలో చెప్పినంతసేపు, మామూలుగా పది నుంచి ముప్ఫై సెకన్లు, గుండ్రంగా తిప్పండి. గోడలకి ఆనుతూ తిరగాలి. కొసకి ముక్కు చివరలాంటి గట్టిదేదో తగిలితే అదే గర్భసంచి మూతి. తగలకపోయినా ఫరవాలేదు.

స్వాబ్ లోపల ఎక్కడికో వెళ్లిపోతుందేమోనన్న భయం ఉంటే వదిలేయండి. ఆ దారి అక్కడితో మూసుకుపోయే సంచిలాంటిది, పుల్ల గర్భసంచిలోకి ఎక్కలేదు. బయటికి తీశాక దేనికీ తగలకుండా ట్యూబ్‌లో పెట్టి, విరిచే గాటు ఉంటే అక్కడ విరిచి, మూత బిగించి, పేరు, తేదీ రాయండి. తీసిన కొస మీద చిన్న రక్తపు మరక ఉంటే ఏం కాదు. మధ్యలో కింద పడిపోతే మాత్రం కడిగి వాడకండి, కొత్తది అడగండి. ఇదంతా రెండు నిమిషాల పని. రాయడానికే నాకు ఇంత పట్టింది.

మీ శాంపిల్ వల్ల ఇంకొకరికి హెచ్ఐవీ వస్తుందేమోనని కొందరు అడుగుతారు. మీరు అడగలేదు గానీ ఆ గ్లౌజుల తర్వాత మీ మనసులో ఉండే ఉంటుంది. మూత బిగించిన ట్యూబ్ నుంచి ఎవరికీ ఏమీ రాదు. ల్యాబ్‌లో ప్రతి శాంపిల్‌నీ ఒకే జాగ్రత్తతో తెరుస్తారు. ఇంకో సంగతి, ఈ టెస్టు హెచ్‌పీవీని మాత్రమే వెతుకుతుంది. ఆ మెషిన్‌కి మీ హెచ్ఐవీ సంగతి తెలీదు, ఆ ఫలితంలో అది ఉండదు. కానీ ఫలితం చూసి తర్వాత ఏం చేయాలో చెప్పే డాక్టర్‌కి మాత్రం చెప్పాలి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

మీకు తెలిసినావిడ "హెచ్ఐవీ ఉన్నవాళ్లకి ఈ టెస్టు చాలదు" అన్నారు కదా. ఆవిడ మాట సగం నిజం. టెస్టు బలహీనమైనది కాదు, కానీ మీ క్యాలెండర్ వేరు. హెచ్ఐవీ లేనివాళ్లకి 30 ఏళ్ల నుంచి మొదలుపెట్టి, నెగెటివ్ అయితే 5 నుంచి 10 ఏళ్లకోసారి చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి 25 నుంచే మొదలు, నెగెటివ్ వచ్చినా 3 నుంచి 5 ఏళ్లకోసారి మళ్లీ. నన్నడిగితే మీలాగా ఆరేళ్ల గ్యాప్ వచ్చినవాళ్లు మూడేళ్లే పెట్టుకోవడం మంచిది. మీ హెచ్ఐవీ సంగతి తెలీని డాక్టర్ మంచి మనసుతోనే "పదేళ్ల దాకా రానక్కర్లేదమ్మా" అని పంపించేస్తారు. ఆ మాట పక్కింటావిడకి సరిపోతుంది, మీకు సరిపోదు.

ఇంకో మెలిక. హెచ్‌పీవీ టెస్టుల్లోనే ఎంఆర్ఎన్ఏ అనే ఇంకో రకం ఉంది. దానికి శాంపిల్ ఆరోగ్య సిబ్బందే తీయాలని ఆ మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీ కిట్ డీఎన్ఏ టెస్టుకేనా అని సిస్టర్‌ని ఒక్కసారి అడగండి. సొంత శాంపిల్ కోసం ఇచ్చారంటే అదే అయి ఉంటుంది, అయినా అడగడంలో తప్పు లేదు.

పాజిటివ్ వస్తే ఏంటన్నారు. దీని గురించే నేను ఎక్కువ రాయాలనుకున్నాను. స్వాబ్ తీయడం చిన్న పనమ్మా. పాజిటివ్ వచ్చాక రెండోసారి వెళ్లడం పెద్ద పని. నా భయమంతా ఆ రెండోదాని గురించే. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లలో హెచ్‌పీవీ ఎక్కువగా కనపడుతుంది, ఒకేసారి రెండు మూడు రకాలూ ఉంటాయి, పోవడానికీ ఎక్కువ టైమ్ తీసుకుంటుంది. కాబట్టి మీకు పాజిటివ్ వచ్చే అవకాశం తక్కువేమీ కాదు. వస్తే వచ్చిందని ముందే ఒక మాట అనుకుని ఉండండి. క్యాన్సర్ తీసుకురాగల వైరస్ అక్కడ ఉందని మాత్రమే దాని అర్థం. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. చాలామందికి కణాల్లో మార్పు కూడా మొదలై ఉండదు.

పాజిటివ్ వచ్చినవాళ్లందరికీ వెంటనే వైద్యం చేయరు. మీలాంటివాళ్లకి మధ్యలో ఇంకో మెట్టు పెట్టారు. దొరికింది 16, 18 రకాలా లేక వేరేవా అని చూడటం, పాప్ స్మియర్, పల్చని వెనిగర్‌లాంటి ద్రవం రాసి తెల్లబడిన చోటు ఉందేమో చూడటం, కాల్పోస్కోప్ అనే భూతద్దంతో చూడటం, వీటిలో ఆ ఆస్పత్రిలో ఏది ఉంటే అది చేస్తారు. అనుమానం ఉన్న చోట గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు. ఏమీ కనపడలేదంటే ఇంటికి పంపి, ఏడాదికి మళ్లీ హెచ్‌పీవీ టెస్టుకి రమ్మంటారు. హెచ్ఐవీ లేనివాళ్లకి అదే రెండేళ్లు.

కణాలు మారి ఉంటే, అది క్యాన్సర్ కాకముందే తీసేస్తారు. వేడి చేసిన చిన్న పరికరాన్ని ఒక నిమిషం లోపు ఆ చోట ఆనించడం, లేదా అతి చల్లటి గ్యాస్‌తో గడ్డ కట్టించడం, లేదా మత్తు సూది వేసి సన్నటి తీగ ఉంగరంతో ఆ పొర వరకు కోసేయడం. అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. గర్భసంచి తీసేస్తారని భయపడి పారిపోయేవాళ్లు ఉన్నారు. ఈ దశలో మామూలుగా గర్భసంచి జోలికే పోరు. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఆ మార్పులు మళ్లీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. అందుకని వైద్యం అయ్యాక 12 నెలలకి ఒక టెస్టు, అది నెగెటివ్ అయినా ఇంకో 12 నెలలకి మళ్లీ ఒకటి, ఆ తర్వాతే మామూలు లెక్కకి వెళ్లాలి.

ఈ రెండో మెట్టులో మూతిని చూడటానికి లోపల పెట్టే ఆ పరికరం, స్పెక్యులమ్, మళ్లీ తప్పదు. మీకు ఆరేళ్ల కిందటి నొప్పి గుర్తొస్తుంది. కాబట్టి ఇప్పుడే ఏర్పాటు చేసుకుందాం. స్పెక్యులమ్‌లో చిన్న సైజు ఉంటుంది, అదే వాడమని అడగండి. లోపలికి నేనే పెట్టుకుంటానని కూడా అడగవచ్చు, చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. "నేను చెయ్యి ఎత్తితే ఆపేయాలి" అని మొదలుపెట్టకముందే చెప్పండి. మీ సిస్టర్ మంచావిడలా ఉన్నారు, ఏ డాక్టర్ దగ్గరికైతే బాగుంటుందో ఆవిడకి తెలిసే ఉంటుంది. ముందే ఫోన్ చేసి మాట్లాడమనండి, వీలైతే తోడు రమ్మనండి. మీ ఫైలు గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడితే "మెల్లగా మాట్లాడండి" అనే హక్కు మీకుంది. ఆ మాట మీ నోట రాకపోతే తోడొచ్చినవాళ్లు అంటారు.

కిట్ పక్కన పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. నెలసరి మధ్యలో రక్తం కనపడటం, నెలసరి ఆగిపోయాక మళ్లీ కనపడటం, కలిసినప్పుడు రక్తం రావడం, నీళ్లలా లేదా దుర్వాసనతో తెల్లబట్ట పోతూ ఉండటం, పొత్తికడుపులో, నడుములో తగ్గని నొప్పి. స్క్రీనింగ్ అనేది ఏ బాధా లేనివాళ్లకి చేసేది. లక్షణం ఉన్నవాళ్లని కళ్లతో చూడాలి. వాళ్లకి స్వాబ్ నెగెటివ్ వచ్చినా ఊరుకోకూడదు. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు, ఇదివరకు ఈ మార్పులకి వైద్యం చేయించుకున్నవాళ్లు కూడా స్వాబ్ తీసుకునే ముందు డాక్టర్‌ని అడగాలి.

టీకా గురించి మీరు అడగలేదు. మీకు ఆడపిల్లలు ఉంటే వాళ్లకి వేయించండి, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం అన్నిటికంటే మేలు. హెచ్ఐవీ ఉన్న పిల్లలైతే వీలైనంతవరకు మూడు డోసులు, కనీసం రెండు. మీ విషయంలో మాత్రం, ఇప్పటికే చేరిన వైరస్‌ని టీకా వెళ్లగొట్టలేదు. టీకా వేయించుకున్నా ఈ టెస్టు మానకూడదు.

కిట్ మూడు వారాలుగా బీరువాలో ఉందన్నారు. ఈ రోజే బయటికి తీసి కవరు మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. దాటిపోయి ఉంటే పారేసి, మొహమాటపడకుండా ఇంకోటి అడగండి. దాటకపోతే, ఈసారి నెలసరి ఆగిన రెండు మూడు రోజులకి, సెంటర్‌కి వెళ్లే రోజు పొద్దున్నే తీసి సంచిలో వేసుకెళ్లండి. ట్యూబ్ చేతికిచ్చేటప్పుడు సిస్టర్‌ని రెండు విషయాలు అడగండి: రిపోర్టు ఏ రోజుకి వస్తుంది, ఏ నంబర్‌కి ఫోన్ చేస్తారు. ఫోన్ మీ దగ్గరే ఉండే నంబర్ ఇవ్వండి. ఆ తేదీ మీ మందుల కార్డు వెనకాల రాయించుకోండి. ఆ రోజుకి ఫోన్ రాకపోతే మీరే చేయండి.